పెన్సిల్ సెల్స్ తెచ్చిన మేనమామ: ఒక డీజే కేస్ స్టడీ

నల్లగొండలో దేవరకొండ రోడ్డు మీద ఉన్న ఒక ఫంక్షన్ హాల్లో నేను డీజేగా వాయించిన రిసెప్షన్ గురించి, అక్కడ పాటల మధ్యలో మైకు తీసుకున్నవాళ్ళ గురించి రాస్తున్నాను. ఆ రాత్రి మిక్సర్ నుంచి నేరుగా తీసిన ఆడియో మొత్తం నా దగ్గర ఉంది. అందుకని ఇందులోని నిమిషాలు జ్ఞాపకం మీద చెప్పినవి కావు, కూర్చుని లెక్కపెట్టినవి. కుటుంబం పేరూ హాలు పేరూ రాయడం లేదు.

మాట్లాడుకున్నది 90 నిమిషాలకు. ఎనిమిదిన్నరకు మొదలుపెట్టి పదికి ఆపేయాలి. పెళ్ళికొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. క్లబ్బులో లాగా పాట వెంట పాట అల్లుకుపోవాలని, మధ్యలో మాటలు ఉండకూడదని రెండుసార్లు ఫోను చేసి చెప్పాడు. "అన్నా, మైకు మాత్రం ఎవరికీ ఇవ్వకు" అన్నాడు. సరే తమ్ముడూ అన్నాను. ఆ రాత్రి జరిగిన తప్పుల్లో మొదటిది ఆ మాట ఇవ్వడమే. డబ్బు ఇచ్చేది అతని నాన్న. చుట్టాలను పిలిచింది అతని అమ్మ. హాల్లో నాలుగు వందల మంది ఉంటే ఆ షరతు తెలిసింది మా ఇద్దరికే.

రికార్డింగు ప్రకారం ఆ 90 నిమిషాల్లో మైకు 11 సార్లు చేతులు మారింది. పాట మీద ఎవరో ఒకరి గొంతు ఉన్న సమయం 31 నిమిషాలు. అంటే నేను తయారు చేసుకుని వెళ్ళినదాంట్లో మూడో వంతు ఎవరూ వినలేదు.

నేను రెండేళ్ళు హైదరాబాద్ క్లబ్బుల్లో పనిచేశాను. అక్కడ కూడా మైకు బెడద ఉంది. నిర్వాహకుడి స్నేహితుడో, పుట్టినరోజు అబ్బాయో బూత్‌లోకి చెయ్యి చాస్తాడు. కానీ అక్కడ మేనేజరుకు కన్ను సైగ చేస్తే చాలు, మిగతాది బౌన్సర్ చూసుకుంటాడు. పెళ్ళిలో బౌన్సర్ ఎవరు? మైకు అడిగినవాడు పెళ్ళికొడుకుకు మేనమామ అయితే అతన్ని పక్కకు తీసుకెళ్ళగలిగినవాడు ఆ హాల్లో ఎవరూ ఉండరు.

ముగ్గురు మనుషులు

వేదికకు రెండు వైపులా టాప్‌లు, అంటే గొంతు, తాళం పలికే పై స్పీకర్లు, వాటి కింద జోడు 18 అంగుళాల బేసులు. ఎడమ పక్కన నా బల్ల. చదివింపుల కోసం, భోజనాల పిలుపుల కోసం రెండు కార్డ్‌లెస్ మైకులు తెచ్చాను. సంగీతం మొదలయ్యే ముందు వాటిని సంచిలో పెట్టేయవలసింది. బల్ల మీదే వదిలేశాను.

8:47కు పెళ్ళికొడుకు స్నేహితుడు ఒకటి తీసుకున్నాడు. అతనికి పాడాలని లేదు, జనాన్ని ఊపాలని ఉంది. "చేతులు పైకి, చేతులు పైకి" అంటూ మైకు తలను అరచేత్తో మూసి పట్టుకున్నాడు. వీడియోల్లో ర్యాపర్లు అలా పట్టుకోవడం చూసి చాలామంది అనుకరిస్తారు. మనం వాడే మైకుల్లో ఎక్కువ భాగం కార్డియాయిడ్ రకం. ముందు నుంచి వచ్చే శబ్దాన్ని తీసుకుని, వెనక నుంచి వచ్చేదాన్ని బాగా తగ్గిస్తాయి. ఆ పని చేసేవి మైకు తల మీది జాలీ వెనక ఉండే సన్నని రంధ్రాలు. వాటిని అరచేయి మూసేస్తే మైకు అన్ని వైపుల నుంచీ వినడం మొదలుపెడుతుంది. అందులో స్పీకర్లు కూడా ఉంటాయి కదా. మైకు విన్నది స్పీకరులోంచి వస్తుంది, స్పీకరులోంచి వచ్చినదాన్ని మళ్ళీ మైకు వింటుంది. ఆ తిరుగుడే కూత. అతను ఆ మైకుతో కుడి టాప్ ముందుకే నడిచాడు. నాలుగు సెకన్ల కూతకు అందులో సన్నని శబ్దాలు పలికే పల్చని పొర, హారన్ డయాఫ్రమ్, కాలిపోయింది. ఆ తర్వాత హాలు కుడి సగానికి తాళం గలగల వినపడలేదు, బేసు మోత మాత్రం వినపడింది.

రెండో మనిషి చీటీలవాడు. ఊరి పెద్దమనిషి ఒకాయన వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. ఆయన వెంట ఉన్న యువకుడు వరుసగా చీటీలు తెచ్చాడు. ఫలానా అన్న తరఫున వధూవరులకు శుభాకాంక్షలు, ఫలానా అన్న వెంట వచ్చిన ఫలానా తమ్ముళ్ళకు స్వాగతం. మొదటి చీటీ నేనే చదివాను. రెండో చీటీలో పేరు ముందు పదవి చదవడం మరిచిపోయానని, మూడోదానికి మైకు తనే తీసుకున్నాడు. 11 సార్లలో 5 సార్లు ఇతనివే. అన్నీ కలిపితే ఆరు నిమిషాలు కూడా లేవు. కానీ ఒక్కోటీ పాట మధ్యలో మేకు దిగినట్టు దిగింది.

మూడో మనిషి మేనమామ. 9:05కు వచ్చి, "తమ్ముడూ, ఒక పాట పాడుతాను" అన్నాడు. తీసుకోండి అనకముందే తీసుకుని కుర్చీల వరుసల మధ్యకు, హాలు సగం దాటి, తన చుట్టాలు కూర్చున్న చోటికి వెళ్ళిపోయాడు. నేను వాయిస్తున్నది వేరే శృతిలో ఉన్న సినిమా పాట. దాని మీద ఆయన తన శృతిలో జానపదం ఎత్తుకున్నాడు. గొంతు గంటలా ఉంది. తాళం మాత్రం ప్రతి దెబ్బకూ వెనకపడుతోంది. ముందున్న కుర్రవాళ్ళు ఆట ఆపి నా వైపు చూశారు. పెళ్ళికొడుకు కూడా చూశాడు.

నేను మిక్సర్ మీద మైకు గొంతు నొక్కేశాను. ఆయన నా వైపు తిరిగితే చేతులు తిప్పి, బ్యాటరీ అయిపోయిందన్నట్టు సైగ చేశాను.

ఈ వృత్తిలో అందరూ ఆడే అబద్ధమే అది. నేనూ ఎన్నిసార్లు ఆడానో లెక్కలేదు. ఈసారి మాత్రం పది నిమిషాల తర్వాత మేనమామ చెమటతో వచ్చాడు. చేతిలో నాలుగు పెన్సిల్ సెల్స్ ప్యాకెట్టు. హాలు బయట దుకాణం మూసి ఉంటే ఎవరి బండి మీదో క్లాక్ టవర్ సెంటర్ దాకా వెళ్ళి కొనుక్కొచ్చాడు. పాత సెల్స్ తీయడానికి మైకు మూత తిప్పబోతే, పైన పచ్చ దీపం వెలుగుతోంది. నా బల్ల మీది రిసీవరులో గీతలు నిండుగా ఉన్నాయి. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "ఇవ్వను అంటే పోయేది కదా తమ్ముడూ" అని సెల్స్ బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

పెళ్ళిలో మేనమామ అలిగితే ఏమవుతుందో తెలుగువాళ్ళకు చెప్పనక్కరలేదు. పెళ్ళికొడుకు అమ్మ పరుగున వెళ్ళింది. ఆమె వెంట మరో నలుగురు. మళ్ళీ హాల్లోకి తీసుకురావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ నేను మంచి పాటలే వేశాను, ఎవరూ ఆడలేదు.

చివరి దెబ్బ స్నేహితుడిదే. 9:58కు ముగింపు పాట దించుతుంటే రెండో మైకు పట్టుకుని "ఒక్క పాట, ఒక్క పాట" అని జనంతో అరిపించాడు. అందరూ అరుస్తుంటే ఆపినవాడే చెడ్డవాడు. ఇంకో పాట వేశాను. 10:08కు కానిస్టేబుల్ వచ్చాడు. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకరు వాడకూడదు. నాలుగు పక్కలా మూసి ఉన్న హాల్లో లోపలివాళ్ళకు వినిపించే మేరకు మినహాయింపు ఉంది కానీ, మా హాలుకు రెండు పక్కల గోడే లేదు, పైన రేకులు. చుట్టూ ఇళ్ళు. నివాస ప్రాంతానికి పగటి పరిమితి 55 డెసిబెళ్ళు, రాత్రి 45. మా బేసులు ఆ అంకెలను ఎప్పుడో దాటేసి ఉంటాయి. కానిస్టేబుల్ మైకు పట్టుకున్నవాడిని ఏమీ అనలేదు. "ఈ సెట్టు ఎవరిది?" అని అడిగాడు.

ఇంటికి వచ్చి విన్నది

రెండు రోజులు కోపంగా ఉన్నాను. మూడో రోజు రికార్డింగు కంప్యూటర్‌లో వేసి మేనమామ పాడిన మూడు నిమిషాలు పెద్దది చేసి చూశాను. నిజానికి ఆయనకు తాళం రాదని రుజువు చేసుకుందామనే కూర్చున్నాను.

ఆయన పాడుతూ మైకు దగ్గర చిటికెలు వేశాడు. చిటికె తరంగ రూపంలో సూదిలా కనిపిస్తుంది, కొలవడం తేలిక. తాళం రానివాడి చిటికెలు ఒకసారి దెబ్బకు ముందు పడతాయి, ఒకసారి వెనక. ఈయనవి అన్నీ వెనకే పడ్డాయి, అన్నీ ఇంచుమించు ఒకే దూరంలో పడ్డాయి. సుమారు 60 మిల్లీసెకన్లు. అది తాళం తప్పడం కాదు. అంత నిలకడగా తప్పాలంటే గొప్ప తాళజ్ఞానం కావాలి.

శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 343 మీటర్లు వెళుతుంది. ఆయన నిలబడ్డ చోటు నా టాప్‌లకు ఇరవై మీటర్ల దూరం. తర్వాత ఇంకో పని మీద ఆ హాలుకు వెళ్ళినప్పుడు అడుగులతో కొలిచాను. 20 మీటర్లు రావడానికి 58 మిల్లీసెకన్లు పడుతుంది. ఆయన తనకు వినపడిన దెబ్బ మీద సరిగ్గా చిటికె వేశాడు. ఆ దెబ్బ ఆయన దగ్గరికి చేరేసరికే ఆలస్యం. కార్డ్‌లెస్ మైకులోంచి రేడియో తరంగాల మీద ఆయన గొంతు మాత్రం క్షణంలో స్పీకరుకు చేరి, పాట కన్నా వెనక వినపడింది. నిమిషానికి 100 దెబ్బల పాటలో ఒక్కో దెబ్బ 600 మిల్లీసెకన్లు. అందులో పదో వంతు జారితే చాలు, పామరుడి చెవికి కూడా ఏదో తేడాగా ఉందని తెలిసిపోతుంది.

ఆయన హాలియా దగ్గర పల్లెలో వరి రైతు, ముప్పై ఏళ్ళుగా చిరుతల రామాయణం ఆడిస్తున్నాడని తర్వాత తెలిసింది. రెండు చేతుల్లో చిరుతలు పట్టి, అడుగు వేస్తూ, పాడుతూ, పాతికమందిని ఒకే తాళం మీద నడిపించే మనిషి. అలాంటివాడిని నేను నాలుగు వందల మంది ముందు తాళం రానివాడిగా నిలబెట్టాను. స్పీకర్లు పెట్టింది నేను, దూరంగా నడిచిపోగల మైకు చేతికిచ్చింది నేను.

ఇంకొకటి కూడా వినపడింది. ఆయన పాడుతున్నప్పుడు వెనక నుంచి ఆడవాళ్ళ చప్పట్లు వస్తున్నాయి. ముందున్న పాతికమంది కుర్రవాళ్ళు ఆట ఆపారని నేను చూశాను. వెనక నూట యాభై మంది కుర్చీల్లో ముందుకు జరిగి కూర్చున్నారని చూడలేదు. బల్ల దగ్గర ఉన్నవాడికి ముందు వరుసే హాలుగా కనిపిస్తుంది.

రెండు వారాల తర్వాత ఆయనకు ఫోను చేశాను. "కాకా, బ్యాటరీ సంగతి అబద్ధం, తప్పయింది. ఇంకో మాట, మీ తాళం తప్పలేదు" అని దూరం లెక్క చెప్పాను. "నా తాళం తప్పదని నాకు తెలియదా" అన్నాడు. తర్వాత చాలాసేపు దేవరకొండ వైపు వానల గురించి మాట్లాడాడు. మరుసటి నెలలో వాళ్ళ అమ్మాయి పెళ్ళికి మిర్యాలగూడ రమ్మన్నాడు.

మిర్యాలగూడలో

ఈసారి బయానా (అడ్వాన్సు) తీసుకునేటప్పుడే అడిగాను: మైకు ఎవరెవరికి కావాలి? ఎవరూ వద్దంటారని తెలుసు. అందుకే ప్రశ్న మార్చి, మీ ఇంట్లో పాడేవాళ్ళు ఎవరు, మాట్లాడేవాళ్ళు ఎవరు, పేరు చదవకపోతే నొచ్చుకునేవాళ్ళు ఎవరు అని అడిగాను. ఐదు నిమిషాల్లో రసీదు వెనక పక్క నిండిపోయింది. ఎవరినైనా ఆపవలసి వస్తే మాట్లాడడానికి ఇంటి మనిషిని ఒకరిని పెట్టమన్నాను. బావను పెడతామన్నారు, వద్దన్నాను. బావను అందరూ ఆట పట్టిస్తారు. పెద్ద వదినను పెట్టించుకున్నాను. ఆమె "చాలు మామా, మిగతావాళ్ళూ పాడాలి కదా" అంటే ఎవరూ ఎదురు చెప్పలేదు.

కార్డ్‌లెస్ మైకులు చదివింపులు అయ్యాక సంచిలోకి వెళ్ళిపోయాయి. బల్ల దగ్గర ఒకటే మైకు పెట్టాను, ఐదు మీటర్ల తీగతో. టాప్‌ల ముందుకు నడవాలంటే ఆ తీగ చాలదు. ఎవరికీ ఇటు రావద్దు, అటు పోవద్దు అని చెప్పే పని లేకపోయింది. బయట మైదానంలో అయితే స్పీకరుకు దూరం రెట్టింపయిన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెళ్ళు తగ్గుతుంది. హాల్లో గోడల వల్ల అంత తగ్గదు, అయినా కూత రాకుండా ఆ కాస్త దూరమే చాలాసార్లు కాపాడుతుంది. మైకు దారిలో 120 హెర్ట్జ్ కింద ఉండే మోత అంతా కోసేశాను. ఎవరైనా అరిస్తే గొంతు ఒక హద్దు దాటకుండా లిమిటర్ పెట్టాను.

మేనమామకు, అంటే ఇక్కడ పెళ్ళికూతురి నాన్నకు, మీటరున్నర దూరంలో నేల మీద చిన్న స్పీకరు పెట్టి ఆయన వైపు తిప్పాను. అంత దగ్గరైతే ఆలస్యం నాలుగైదు మిల్లీసెకన్లే. అది ఎవరికీ తెలియదు. ఆయన ఎత్తుకునే శృతి ఏదో నాకు ముందు తెలియదు కాబట్టి పాట వేయలేదు, డప్పుల లూప్, అంటే తిరిగి తిరిగి వచ్చే తాళం ముక్క, ఒకటే వేశాను. ఉత్త తాళానికి శృతి గొడవ ఉండదు. ఏ శృతిలో ఎత్తుకున్నా సరిపోతుంది. రెండో చరణానికి ఆయన శృతి దొరికాక సన్నగా ఒక తంబుర నాదం కింద కలిపాను. ఆరు నిమిషాలు అనుకున్నది తొమ్మిది అయింది. ఆడవాళ్ళు లేచి వలయం కట్టి కోలాటం అడుగులు వేశారు. కుర్రవాళ్ళు మొదట ఫోన్లలో తీశారు, తర్వాత వలయంలో దూరారు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నా సెట్టులో అన్నిటికంటే బాగున్న తొమ్మిది నిమిషాలు అవే. నేను చేసింది మాత్రం లూప్ తిప్పడం.

ఆపడం ఎలా అన్నది ముందే ఆలోచించుకున్నాను. పాడేవాణ్ణి చాలని అనకూడదు. ఆయన చివరి చరణం మీద ఉండగా తర్వాతి పాట తాళాన్ని అడుగున మెల్లగా ఎక్కిస్తూ వచ్చాను. జనం ఆ పాటను గుర్తుపట్టి కేక వేస్తే ఆ కేక ఆయనకే అన్నట్టు ఉంటుంది. ఆయన చెయ్యి ఊపి మైకు తనంతట తనే బల్ల మీద పెట్టాడు.

అరిచేవాళ్ళ విషయం వేరు. ఇక్కడా ఒకడు ఉన్నాడు, వరుడి తరఫు. అలాంటివాడికి మైకు పూర్తిగా లేదంటే గంటసేపు బల్ల దగ్గరే నిలబడతాడు. అందుకని పని ఇచ్చాను. డాన్సు పాటలు ఎక్కువగా 32 దెబ్బల ముక్కలుగా కట్టి ఉంటాయి. నిమిషానికి 128 దెబ్బల పాటలో ఆ ముక్క సరిగ్గా 15 సెకన్లు. బేసు ఆగి మళ్ళీ ఒక్కసారిగా పడే ముందు వచ్చే ఆ 15 సెకన్లు నీవి, నేను వేళ్ళు చూపిస్తాను, నాలుగు నుంచి ఒకటి దాకా నువ్వు లెక్కపెట్టు అన్నాను. ఇతనికి టాక్‌ఓవర్ ఆపేశాను. మైకులో మాట వినపడగానే సంగీతాన్ని దానంతట అదే తగ్గించే మీట అది. పాడేవాళ్ళకు అది వరం. అరిచేవాళ్ళకు ఇస్తే మాత్రం అరిచినకొద్దీ పాట వెనక్కి పోతుంది, తన గొంతే హాలంతా నిండుతుంది, ఇంక వదలడు. మూడుసార్లు లెక్కపెట్టాడు. మూడోసారి ఒక దెబ్బ ముందే "ఒకటి" అన్నాడు. పరవాలేదు.

మైకు పట్టుకునేవాణ్ణి తిట్టుకునే డీజేలకు ఒక సంగతి గుర్తు చేయాలనిపిస్తుంది. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ అనే డీజే వాయించిన పార్టీని హిప్ హాప్ సంగీతం పుట్టుకగా చెప్పుకుంటారు. ఆయన పక్కన కోక్ లా రాక్ మైకు పట్టుకుని స్నేహితుల పేర్లు పిలుస్తూ ఉండేవాడు. జమైకాలో వీధుల్లో స్పీకర్లు పెట్టి పాటలు వేసే సౌండ్ సిస్టమ్‌లలో అయితే డీజే అంటే మైకులో మాట్లాడేవాడే. రికార్డులు తిప్పేవాడిని సెలెక్టర్ అంటారు. ఆ లెక్కన మా చీటీల యువకుడే అసలు డీజే.

చీటీలకు మిర్యాలగూడలో ఎల్‌ఈడీ తెర వాడాను. ఫోటోలు తిరిగే తెర కింద పేర్లు, పదవులు పెద్ద అక్షరాల్లో నడిచాయి. తెచ్చిన చీటీ తెచ్చినట్టు తెర కుర్రవాడికి పంపించాను. చాలామంది తెర ముందు నిలబడి సెల్ఫీ తీసుకున్నారు. మైకులో చదివితే వచ్చేదానికంటే అదే ఎక్కువ. ఒకాయన మాత్రం ఒప్పుకోలేదు. పేరు కనపడితే చాలదు, వినపడాలన్నాడు. వదిన వెళ్ళి మాట్లాడినా వినలేదు. చివరికి నేనే రెండు పాటల మధ్య చదివాను. దానికి నా దగ్గర మందు లేదు.

ఆ రాత్రి మైకు వాడిన సమయం 19 నిమిషాలు. మొదటి రాత్రి కంటే 12 నిమిషాలే తక్కువ. కానీ పాట మధ్యలో ఆగలేదు, కూత రాలేదు. 9:50కే వదిన మైకులో "ఇది చివరి పాట, అందరూ రండి" అని పిలిచింది. నేను చెప్పి ఉంటే ఒక్క పాట అని అరిచేవారు. ఇంటి మనిషి చెప్పేసరికి అందరూ వచ్చి ఆడి, పదికి భోజనాలకు వెళ్ళారు.

బరాత్‌లో, అంటే పెళ్ళి ఊరేగింపులో, మాత్రం ఇదేదీ పనికిరాదు. డీసీఎం లారీ మీద సెట్టు, వెనక జనరేటరు, ముందు కదిలే జనం. ఐదు మీటర్ల తీగకు అక్కడ అర్థం లేదు. బండి ముందు పాతిక మీటర్ల దూరాన నడిచేవాడు పాడితే ఆలస్యం తప్పదు. నేల మీద స్పీకరు పెట్టడానికి నేలే నిలకడగా ఉండదు. బండి ఎక్కి మరీ మైకు లాక్కుంటారు. బరాత్‌కు మైకు తేను అని ఇప్పుడు బయానా దగ్గరే చెబుతున్నాను. రెండు పనులు పోయాయి. ఒక పని ఉండి, తీరా వెళితే పెళ్ళివారే ఎక్కడి నుంచో మైకు తెచ్చి నా మిక్సర్‌లో గుచ్చారు.

కాలిపోయిన డయాఫ్రమ్‌కు, బిగించిన మనిషి కూలికి కలిపి నాలుగు వేలు అయింది. పెళ్ళికొడుకు స్నేహితుడు ఇస్తానన్నాడు. ఇంతవరకు ఇవ్వలేదు కానీ, నకిరేకల్ నుంచి రెండు పెళ్ళిళ్ళు పంపించాడు. రెండింటికీ తనూ వస్తానన్నాడు. అతని పేరు రసీదు వెనక రాసుకున్నాను.